గోపాల్‌పూర్‌లో తాతగారి ఇల్లు: అతిథులకి ఇవ్వాలంటే ఏమేం కొనాలి?

ఇచ్ఛాపురం కుర్రాడు:

అందరికీ నమస్కారం. ఒడిశాలోని గోపాల్‌పూర్‌లో సముద్రానికి రెండు వీధుల వెనక మా తాతగారి పెంకుటిల్లు ఉంది. రెండు గదులు, వసారా, వంటిల్లు, పెరట్లో నుయ్యి. తాతగారు పోయాక నాలుగేళ్ళు తాళం వేసే ఉంది. అమ్మేద్దామని అమ్మ అంటోంది, నాకు మనసొప్పడం లేదు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. అతిథులకి రోజుల లెక్కన ఇద్దామనుకుంటున్నాను. వంటా వార్పూ వాళ్ళే చేసుకుంటారు, భోజనాలు పెట్టే ఓపిక మాకు లేదు.

కప్పు, ప్లంబింగ్ అయిపోయాయి. సామాన్లకి రెండున్నర లక్షలు పక్కన పెట్టాను. అందులో 38 వేలు పెట్టి గుడ్డ సోఫా సెట్ అప్పుడే కొనేశాను. నెట్‌లో ఒక లిస్టు దొరికింది, అందులో 112 వస్తువులున్నాయి. ఉడికించిన గుడ్డు నిలబెట్టుకునే కప్పులు ఆరు, సీసా బిరడా తీసే మర ఒకటి, రొట్టెలు కాల్చే యంత్రం ఒకటి. అట్లకాడ మాత్రం లేదు!

దసరాకి మొదలుపెట్టాలని ఉంది. నిజంగా ఏం కావాలి, ఏం అక్కర్లేదు? ఈ పని చేస్తున్నవాళ్ళు ఎవరైనా చెప్పండి.

బరంపురం కోడలు:

తమ్ముడూ, ముందు ఆ సోఫా వెనక్కి తీసుకుంటారేమో షాపువాణ్ణి అడుగు. మా అత్తగారి ఇల్లు కూడా గోపాల్‌పూర్‌లోనే, లైట్‌హౌస్ వైపు. పదకొండేళ్ళుగా అతిథులకి ఇస్తున్నాం. మొదటి ఏడాది నేనూ గుడ్డ సోఫానే కొన్నాను. వానాకాలం వెళ్ళేసరికి దిండ్ల కింద ఆకుపచ్చ బూజు. తడి బట్టలతో, ఒంటి నిండా ఇసకతో సముద్రం నుంచి వచ్చిన పిల్లలు నేరుగా ఎక్కేది దానిమీదే కదా. ఇప్పుడు మా వసారాలో రెండు పేము కుర్చీలు, ఒక చెక్క బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు ఉన్నాయి. ఎవరూ ఏమీ అనలేదు.

నేను చెప్పేది ఒక్కటే. ఇక్కడికి వచ్చేవాళ్ళు హాల్లో కూర్చోవడానికి రారు, చేపలు వండుకోవడానికి వస్తారు. నీ డబ్బులో సగం వంటింటికీ నీళ్ళకీ పెట్టు.

దుర్గాపూజ సెలవుల్లోనూ డిసెంబరు ఆఖర్లోనూ మనకొచ్చేది ఎక్కువగా కలకత్తా బండి దిగినవాళ్ళే. బరంపురం స్టేషన్ నుంచి ఆటోలో దిగుతారు, మర్నాడు పొద్దున్నే పడవలు ఒడ్డుకి వచ్చేసరికి సంచీతో రెడీ. మాకు వచ్చిన మొదటి కుటుంబం రెండు కిలోల చందువలు తెచ్చుకుంది. నేను వంటింట్లో పెట్టింది పళ్ళు కోసుకునే చిన్న చాకు ఒక్కటే. ఆవిడ అటూ ఇటూ చూసి, పక్కింటికి వెళ్ళి, మాట రాక చేత్తో సైగ చేసి కత్తిపీట అడిగి తెచ్చుకుంది. తరవాత చేపలన్నీ బాత్రూంలో కడిగారు. జాలీలో పొలుసు ఇరుక్కుని నీళ్ళు మడమల దాకా నిలిచిపోయాయి. తీసింది నేనే. ఆ వాసన నా చేతులకి రెండు రోజులుంది.

ఆ నెలలోనే పెరట్లో నూతి పక్కన మూడడుగుల గట్టు కట్టించాం. పైన నల్లరాయి, ఒక కుళాయి, కింద సన్న జాలీ. దానిమీద ఒక కత్తిపీట, మందపాటి చెక్క, మూతున్న చెత్త బకెట్ పెట్టాను. మూత లేకపోతే కాకులూ పిల్లులూ పెరడంతా పీకి పందిరేస్తాయి. మొత్తం ఆరువేలు అయింది. ఇన్నేళ్ళలో నేను పెట్టిన ఖర్చుల్లో ఇంత పనికొచ్చింది ఇంకోటి లేదు. ఆ కుళాయికే ఇంకో గొట్టం తగిలించి కిందకి పెట్టించావంటే ఇసక కాళ్ళు కూడా అక్కడే కడుక్కుంటారు. చీపురు పని సగం తగ్గుతుంది.

ఇక గిన్నెలు. నాన్‌స్టిక్ జోలికి వెళ్ళకు. రెండో బేచ్‌కే స్టీలు గరిటెతో గీకి పెడతారు. ఇనప మూకుడు పోపుకి బాగుంటుంది గానీ వారం వాడకపోతే మన గాలికి తుప్పు. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలు, ఒక పెద్ద అల్యూమినియం మూకుడు చాలు. కుక్కర్లు రెండు, 5 లీటర్లది ఒకటీ 3 లీటర్లది ఒకటీ. గాస్కెట్లు అదనంగా కొని డ్రాయరులో పడెయ్యి. ఆదివారం రాత్రి గాస్కెట్ పోయిందని ఫోన్ వస్తే నువ్వు హైదరాబాదులో కూర్చుని ఏం చేస్తావు? పీతలకి వెడల్పాటి గిన్నె, డెక్కలు పగలగొట్టుకోవడానికి చిన్న రోకలి. వైజాగ్ నుంచీ శ్రీకాకుళం నుంచీ వచ్చే మనవాళ్ళకి ఇడ్లీ పాత్ర, అట్ల పెనం, పప్పుగుత్తి, మిక్సీ. మిక్సీ బెంగాలీలకి కూడా కావాలి, ఆవాలు నూరుకోవడానికి. వాళ్ళు ఆవనూనె పొగలొచ్చేదాకా కాస్తారు కాబట్టి ఎగ్జాస్ట్ ఫ్యాన్ తప్పదు, లేకపోతే నీ కొత్త సున్నం ఆరు నెలల్లో పసుపు.

ఆరుగురికి ఇల్లు ఇస్తే పది కంచాలు, పన్నెండు గ్లాసులు ఉంచు. చెంచాలు ఎన్ని పెట్టినా తగ్గుతాయి, అవి ఎక్కడికి పోతాయో ఆ దేవుడికే తెలియాలి. శాకాహారులు వస్తే గిన్నెలకి నీచు వాసన అని ముక్కు మూసుకుంటారు. వాళ్ళకోసం నాలుగు గిన్నెలు, ఒక కుక్కర్ వేరే అలమరలో పెట్టి ‘శాకాహారం మాత్రమే’ అని మూడు భాషల్లో రాశాను: తెలుగు, ఒడియా, బెంగాలీ. ఉప్పు డబ్బాలో నాలుగు బియ్యపు గింజలు వెయ్యి. అగ్గిపెట్టెలు గాజు సీసాలో పెట్టు, ఇక్కడ చెమ్మకి గీస్తే మందు రాలిపోతుంది. లైటర్ ఉన్నా అగ్గిపెట్టె ఉండాలి.

దుప్పట్లు తెల్లవే కొను. రంగుల దుప్పటి మీద కూర మరక పడితే ఇక అంతే, తెల్లది బ్లీచ్‌లో పడేస్తే వస్తుంది. మంచానికి మూడు జతలు: పరిచినది ఒకటి, ఉతుకులో ఒకటి, అలమరలో ఒకటి. వాన పట్టుకుంటే మూడు రోజులు ఆరవు, అందుకే రెండు జతలతో లాగడం కుదరదు. దిండుకి లోపల జిప్ కవర్ ఒకటి వెయ్యి, తలనూనె ఆగుతుంది. అలమరలో నేను నాఫ్తలీన్ ఉండలు పెట్టను. మన గంజాం జిల్లాలో మొగలిపొదలకి కొదవా? ఎండిన మొగలి రేకులు రెండు దుప్పట్ల మధ్య పెడతాను. మా అత్తగారు పట్టుచీరల పెట్టెలో పెట్టేవారు. దుప్పటి విప్పగానే ఈ వాసన ఏమిటని అడగని బెంగాలీ ఆడవాళ్ళు లేరు.

ఉప్పుగాలి:

ఛత్రపురం. ఎలక్ట్రికల్ పని చేస్తాను, ఇరవై ఏళ్ళుగా ఈ తీరంలోనే. అక్కగారు వంటిల్లు చెప్పేశారు, నేను మిగతాది చెప్తాను.

ఇక్కడ ఇనుము బతకదు. కిటికీ కమ్ములకి జింక్ ప్రైమర్ వేసి ఎపాక్సీ కొట్టించండి. కుళాయిలు, గొళ్ళేలు ఇత్తడివి పెట్టండి. స్టీలు అయితే 304 రకం కూడా సముద్రం పక్కన గోధుమ రంగు మచ్చలు వేస్తుంది, 316 తట్టుకుంటుంది గానీ ఖరీదు. ఏసీ పెడితే బయట యూనిట్‌ని సముద్రం వైపు గోడకి బిగించకండి, ఇంటి వెనకాల పెట్టించండి. కాయిల్ మీద ఉప్పు పేరుకోకుండా రెండు వారాలకోసారి మంచినీళ్ళు కొట్టమని చూసుకునే మనిషికి చెప్పండి. ముందు మెయిన్ ఆఫ్ చెయ్యాలి, అదీ చెప్పండి.

బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. తడి చేతుల్తో స్విచ్చులు ముట్టుకునే ఇల్లు ఇది.

ఇన్వర్టర్‌కి 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) బ్యాటరీ చాలు. 12 వోల్టులతో గుణిస్తే 1800 వాట్ అవర్లు, నష్టాలు పోగా 1400 అనుకోండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ మోటారు ఫ్యాన్ 30 చుట్టుపక్కల. నాలుగు ఫ్యాన్లూ అవే పెట్టి, లైట్లు ఎల్‌ఈడీ అయితే రాత్రి ఏడెనిమిది గంటలు నడుస్తాయి. గీజర్, మిక్సీ ఆ లైను మీద వెయ్యొద్దు.

గ్యాస్: ఎర్ర సిలిండర్ ఇంటివాడకానికే. అతిథుల దగ్గర డబ్బు తీసుకుంటే 19 కిలోల కమర్షియల్‌ది తీసుకోవాలి. సిలిండర్ నిలువుగా, పొయ్యి దానికన్నా ఎత్తులో. గొట్టం ఐఎస్ఐ మార్కుది, దానిమీద తేదీ చూసి అయిదేళ్ళకి మార్చండి. గ్యాస్ గాలికన్నా బరువు, నేల మీదకి దిగుతుంది. కాబట్టి వంటింటి తలుపు కింద సందు మూసెయ్యొద్దు.

బోరు నీళ్ళు ఉప్పన అయితే గీజర్ లోపల కడ్డీకి ఏడాదిలో సున్నం కట్టేస్తుంది. తాగడానికి 20 లీటర్ల టిన్నులు రెండు పెట్టండి, అవి అయిపోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో గోడ మీద రాయండి.

ఇచ్ఛాపురం కుర్రాడు:

అక్కా, అన్నా, ఇద్దరికీ దండాలు. సోఫా వెనక్కి తీసుకోరట. ఇచ్ఛాపురంలో మా పెద్దమ్మ తీసుకుంటానంది, సగం ధరకి! రెండు సందేహాలు. తాతగారి టేకు మంచాలు రెండున్నాయి, వాటినే వాడచ్చా? టీవీ పెట్టాలా?

బరంపురం కోడలు:

టేకు మంచాలు బంగారం, వదలకు. కానీ కొలత తీసుకోకుండా ఆన్‌లైన్‌లో పరుపులు కొనకు. పాతకాలం మంచాలు ఇప్పటి కొలతలకి రావు. మాది నాలుగడుగుల వెడల్పుది, పరుపు వచ్చాక చూస్తే మూడంగుళాలు బయటికి వేలాడింది. కొలతలు రాసుకుని బరంపురంలో పరుపుల షాపులో ఇస్తే కొబ్బరి పీచుతో కుట్టి ఇస్తారు. దూది పరుపు చెమ్మ పీలుస్తుంది, ఎండలో వేసే మనిషి ఉంటేనే. పరుపు కింద నిండు ప్లైవుడ్ వెయ్యకు, సందులున్న పట్టీలు వేయించు. గాలి ఆడకపోతే అడుగున బూజే. టీవీ మేం తీసేశాం. ఆ డబ్బుతో దోమతెరలు కొన్నాను.

ఒక్క మాట మర్చిపోయాను, తాళం. రెండో ఏడాది, పంచమి రాత్రి. బండి ఆలస్యమై పదకొండున్నరకి దిగారు, పసిపిల్ల తండ్రి భుజం మీద నిద్రపోతోంది. నేను బరంపురంలో ఉన్నాను. తాళంచెవి పక్కింటావిడ ఇచ్చింది, తాళం మాత్రం తెరుచుకోదు. పది రోజులు ఎవరూ తియ్యలేదు, లోపల తుప్పు. ఫోన్‌లో నేను చెప్తుంటే ఆయన టార్చి పళ్ళ మధ్య పట్టుకుని కన్నంలో కొబ్బరినూనె చుక్కలు వేస్తున్నాడు. ఇరవై నిమిషాలకి టక్కుమంది. డబ్బు వద్దన్నాను ఆ రాత్రికి. ఇత్తడి తాళం కొను, నెలకోసారి కుట్టుమిషన్ నూనె వెయ్యమను, రెండో తాళంచెవి ఇంకో ఇంట్లో పెట్టు.

విశాఖ పెన్షనర్:

నేను అతిథి పక్షం. బ్యాంకులో రిటైరయ్యాక నేనూ మా ఆవిడా ఏటా ఫిబ్రవరిలో ఆ వైపు వస్తాం, ఋషికుల్య నది మొగ దగ్గర తాబేళ్ళు గుడ్లు పెట్టడం చూడ్డానికి. తెల్లవారకముందే బయల్దేరాలి. ఏ ఇంట్లోనూ ఫ్లాస్కు ఉండదు! ఒక లీటరు ఫ్లాస్కు, ఎర్ర కాయితం అంటించిన టార్చి పెట్టండి బాబూ. తెల్ల వెలుగు వేస్తే తాబేలు బెదిరి వెనక్కి పోతుంది.

కోడలు గారు టీవీ తీసేశానన్నారు. నేను ఒప్పుకోను. సాయంత్రం ఏడున్నరకి మాలాంటి ముసలాళ్ళు ఏం చెయ్యాలండీ? పోనీ, రేడియో పెట్టండి. బాత్రూంలో పట్టుకోవడానికి ఒక కమ్మీ, జారని పట్టా, ప్లాస్టిక్ స్టూలు కూడా. మా ఆవిడ మోకాళ్ళు చూసుకుని చెబుతున్నాను.

బరంపురం కోడలు:

బాబాయి గారూ, ఫ్లాస్కు మాట నిజం, రేపే కొంటాను. టీవీ మాత్రం మీరొచ్చినప్పుడు మా ఇంటిది తెచ్చి పెడతాను.

తమ్ముడూ, దసరాకి మొదలుపెడతానంటున్నావు, మనకి తుపానులు వచ్చేదీ అప్పుడే. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న, సరిగ్గా పూజల్లో, గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మా వెనక రేకుల షెడ్డు ఎక్కడ పడిందో ఇప్పటికీ తెలీదు. ఆరుబయట కుర్చీలూ గొడుగులూ లోపలికి లాగి పెట్టడానికి ఒక మూల ఖాళీగా ఉంచు. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిందంటే బుకింగ్ రద్దు చేసి మొత్తం డబ్బు తిరిగిచ్చెయ్యి. మరీ పెద్దమ్మలా సగం కాదు. విదేశీయులు దిగితే 24 గంటల్లోగా ఆన్‌లైన్‌లో వాళ్ళ వివరాలు పంపాలి, అది కూడా రాసుకో.

ఇచ్ఛాపురం కుర్రాడు:

రాసుకున్నానక్కా. 112 వస్తువుల లిస్టులో 61 కొట్టేశాను, మీరు చెప్పినవి 34 చేర్చాను. శనివారం వస్తున్నాను, గట్టు కట్టడానికి మేస్త్రీ దొరికాడు. కత్తిపీట మాత్రం కొనక్కర్లేదట. అటక మీద మా నాయనమ్మది ఉందని అమ్మ ఇప్పుడే చెప్పింది. అదేదో తను కూడా వచ్చి దింపుతుందట.