ఒకటో తరగతి పిల్లాడికి ట్యూషన్ పెట్టాలా, ఆటలకు వదిలేయాలా?

సీమమ్మాయి (అనంతపురం):
మావాడికి ఆరున్నరేళ్లు. కథలు మొదలుపెడితే ఆపడు గానీ, పెన్సిల్ పట్టుకున్న పది నిమిషాలకే చెయ్యి నొప్పంటాడు. డైరీలో రోజూ "రాత మెరుగుపడాలి" అని వస్తోంది, మిస్ సాయంత్రం ట్యూషన్ పెట్టమంటున్నారు. మా ఆయన సరేనంటున్నారు, మా అత్తమ్మ మాత్రం వద్దంటున్నారు. ఆమెతో వామనగుంటలు ఆడితే గంటసేపు కదలడు వీడు. నిన్న చెరో ఏడు గుంటలు, గుంటకు ఐదేసి చింతగింజలు పోస్తూ "అవ్వా, నీ వైపు ముప్పై ఐదు, నా వైపు ముప్పై ఐదు" అన్నాడు, ఐదో ఎక్కం వాడికి ఇంకా ఎవరూ నేర్పలేదు. మరి వీడు వెనకబడ్డట్టా, కాదా? టెన్షన్‌గా ఉంది.

బడిపంతులు (కర్నూలు):
అమ్మా, ఇరవై ఏళ్లుగా చిన్న తరగతులకే చెప్తున్నాను. ఆరేళ్లకు మణికట్టు ఎముకలు ఇంకా పూర్తిగా ఏర్పడవు, నొప్పి అంటే అన్నిసార్లూ సాకు కాదు. పేజీలు పేజీలు రాయించే బదులు చెనక్కాయలు ఒలిపించండి, చపాతీ పిండి పిసికించండి, వేళ్లకు బలం వస్తుంది. ఇంకోటి, 2020లో కేంద్రం ఇచ్చిన స్కూల్ బ్యాగ్ పాలసీలో రెండో తరగతి వరకు హోంవర్కే వద్దని ఉంది, సంచి బరువు పిల్లాడి బరువులో పదో వంతు దాటకూడదని కూడా ఉంది. ఒకసారి కిరాణా కొట్టు కాటాలో పెట్టి చూడండి. మిస్‌తో మాత్రం గొడవపడొద్దు, అడిగినన్ని పేజీలు ఆమె పైవాళ్లకు చూపించాలి పాపం.

పాపనాన్న (కడప):
సార్ చెప్పింది సగమే ఒప్పుకుంటాను. మేమూ ఒత్తిడి లేని చదువని ఫీజు డబుల్ కట్టి ఒక స్కూల్లో వేశాం. మూడో తరగతికి వచ్చినా మా పాప 'పలక' చదివేది, 'పుస్తకం' దగ్గర ఆగిపోయేది. ఆటలు వద్దనను, కానీ చదవడం దానంతటదే వస్తుందని వదిలేయకండి. రాత్రి పడుకునే ముందు పావుగంట, నేనో లైను తనో లైను, బొమ్మల కథలు చదివేవాళ్లం, దారిలో షాపుల బోర్డులు కూడా (తెలుగు బోర్డు కోసం వెతుక్కోవాల్సొచ్చేది, అది వేరే సంగతి). తను గాడిన పడటానికి ఆరు నెలలు పట్టింది.

మగ్గంఇంటోడు (ధర్మవరం):
అక్కా, డీఎడ్ (టీచర్ ట్రైనింగ్) చేసేటప్పుడు మదనపల్లె దగ్గర రిషివ్యాలీ స్కూల్ వాళ్లు నడిపే పల్లె బడి చూశాను. అక్కడ అన్ని తరగతుల పిల్లలూ ఒకే గదిలో ఉంటారు, గోడమీద నిచ్చెనలాంటి చార్టు ఉంటుంది, ఎవరు ఏ మెట్టు మీదుంటే ఆ కార్డు తీసుకుని కూర్చుంటారు. పక్కోడు ఎక్కడున్నాడని ఎవరూ అడగరు. మీవాడు లెక్కల్లో పై మెట్టు, రాతలో కింది మెట్టు, అంతే.

సీమమ్మాయి:
సార్, సంచి తూకం వేయించాను, 3.9 కిలోలు. వాడు 18 కిలోలు. ట్యూషన్ ఈ ఏడాదికి వద్దనుకున్నాం, రాత్రి కథ మొదలుపెట్టాం. చెనక్కాయలు మాత్రం ఒలిచినవి ఒలిచినట్టే నోట్లో వేసుకుంటున్నాడు, గిన్నెలోకి ఒక్కటీ రావడం లేదు!