తాతగారి ఎన్‌లార్జర్ దొరికింది, దీంతో ఇంకా ఫొటోలు వేయొచ్చా?

గంటస్తంభం కుర్రోడు
మాది విజయనగరం. తాతగారికి గంటస్తంభం దగ్గర స్టూడియో ఉండేదంట, మూసేసి చానా ఏళ్లయింది. మొన్న అటక దులుపుతుంటే గోనెసంచిలో ఎన్‌లార్జర్ (నెగటివ్‌లోని బొమ్మని కాగితం మీద పెద్దది చేసి వేసే మిషను) బయటపడింది, చెక్క పలక మీద నిలువు రాడ్డు, పైన బల్బు ఉండే తల, లెన్స్ మీద 75 అని ఉంది, కంపెనీ పేరు చెరిగిపోయింది. ఒక డబ్బాలో సిరిమాను పండగ నెగటివ్‌లు కూడా ఉన్నాయి, ఒక్కోటీ చదరంగా ఆరు సెంటీమీటర్లు. బల్బు మాడిపోయింది, ఎల్‌ఈడీ పెట్టేస్తే అవుద్దా? పాత సామాన్లోడు వెయ్యి ఇస్తానంటన్నాడు, అమ్మ ఇచ్చేయమంటంది.

సీతం రాజు
బ్రో, ఫోన్ స్క్రీన్ తెల్లగా పెట్టి దాని మీద నెగటివ్ ఉంచి ఇంకో ఫోన్‌తో ఫొటో తీసేయ్, యాప్‌లో ఇన్వర్ట్ కొట్టు, ఐదు నిమిషాల పని.

హైపో వాసన (శ్రీకాకుళం)
ఇచ్చేయకు నాయనా. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర స్టూడియోలో పదేళ్లకి పైగా డార్క్ రూమ్‌లోనే బతికాను కాబట్టి చెప్తన్నాను. 75 లెన్సు నీ నెగటివ్‌కి సరిగ్గా జోడీ, 35 ఎంఎం ఫిల్మ్‌కైతే 50 లెన్సు ఉండాలి. ముందు లెన్స్ విప్పి వెలుగుకేసి చూడు, సాలెగూడులా కనిపిస్తే ఫంగస్ పట్టినట్టే, మన తీరం గాలికి అది మామూలే. బల్బు మాత్రం పాలలా తెల్లటి గాజున్న పాల బల్బే కావాలి, మూతి మీద వాట్స్ అచ్చు ఉండకూడదు, ఉంటే ఆ అక్షరాలు కాగితం మీద పడతాయి, ఒకసారి పెళ్లికూతురి నుదుటి మీద పడి నేను తిట్లు తిన్నాను. ఎల్‌ఈడీతో పని అవుద్ది గాని కాగితాన్ని బట్టి కాంట్రాస్ట్ తేడా వస్తుంది. తల పైకెత్తి బొమ్మ పొడవూ వెడల్పూ రెట్టింపు చేశావనుకో, అదే వెలుగు నాలుగింతల చోట పరుచుకోవాలి, అంటే కాగితానికి వెలుగు చూపించే టైము కూడా దగ్గరదగ్గర నాలుగింతలు. మా రోజుల్లో సాయంత్రం ఓల్టేజి పడిపోయి అదే లెక్కకి ప్రింటు తెల్లగా వచ్చేసేది, అందుకే మా ఓనరు పెద్ద సైజు పనులన్నీ అర్ధరాత్రి చేయించేవాడు.

పాత లెన్సులు
కరెంటు గొడవ విని గుర్తొచ్చింది, మొదట్లో అసలు ఎండతోనే పెద్దవి చేసేవాళ్లు. 1857లో బాల్టిమోర్ చిత్రకారుడు డేవిడ్ వుడ్‌వర్డ్ సోలార్ కెమెరాకి పేటెంట్ తీసుకున్నాడు, సూర్యుడితో పాటు దాన్నీ తిప్పుతుండాలి, కాగితాలు వెలుగుని మరీ నెమ్మదిగా పట్టేవి కాబట్టి గంటలు పట్టేది, చాలాసార్లు ఆ బొమ్మ మీద రంగులు వేసి ఇచ్చేవాళ్లు. 1880ల్లో వెలుగుని త్వరగా పట్టే బ్రోమైడ్ కాగితం వచ్చాకే దీపం వెలుగు సరిపోయింది. 1925లో లైకా అనే చిన్న 35 ఎంఎం కెమెరా వచ్చాక ఎన్‌లార్జర్ లేకపోతే గతి లేదు, 24x36 మిల్లీమీటర్ల నెగటివ్‌ని అలాగే కాగితం మీద అచ్చేస్తే ఎవరి మొహం ఎవరిదో తెలీదు మరి.

గంటస్తంభం కుర్రోడు
లెన్స్ చూశాను గురువుగారూ, అంచున చిన్న మచ్చ తప్ప శుభ్రంగా ఉంది. మెట్ల కింద గది చీకటిగానే ఉంటుంది. కాగితం పాడవకుండా పని చేసుకోడానికి దేవుడి గదిలో ఎర్ర జీరో బల్బుంది, అది సరిపోద్దా?

హైపో వాసన (శ్రీకాకుళం)
అడిగే కంటే పరీక్ష పెట్టు. ఆ బల్బు కింద కాగితం ముక్క పరిచి మీద రూపాయి బిళ్ల పెట్టు, ఐదు నిమిషాలాగి డెవలపర్‌లో (బొమ్మ తేల్చే మందు నీళ్లు) వెయ్యి. గుండ్రంగా తెల్ల మచ్చ తేలిందా, ఆ వెలుగుకి చుట్టూ కాగితం నల్లబడినట్టే, ఆ బల్బుని దేవుడికే ఉంచెయ్యి.