బాగా ఆడేవాడిని సీజన్ మధ్యలో తీసుకుపోతే ఆ జట్టును ఎలా అభిమానించాలి?

కావలి లెక్కల టీచర్

అందరికీ నమస్కారం. మా అమ్మాయి వాళ్లు టెక్సస్ రాష్ట్రం ఫ్రిస్కోలో ఉంటారు. నేను అక్కడ ఉన్నప్పుడు అల్లుడు రఫ్‌రైడర్స్ జట్టు బేస్‌బాల్ ఆటకు తీసుకెళ్లాడు. కుడివైపు కంచె వెనక ఒక నీటి కాలువ ఉంది. జనం ట్యూబుల మీద తేలుతూ అందులోంచే ఆట చూస్తున్నారు! టికెట్టు కొన్నది ఆటకా, జలక్రీడకా అనుకున్నాను. కానీ ఆట మాత్రం పట్టేసుకుంది. ముప్పొద్దులా లెక్కలు చెప్పి రిటైరైనదాన్ని, ప్రతి బంతికీ ఒక అంకె వేసే ఆట దొరికితే వదులుతానా? కావలి వచ్చాక కూడా చూస్తూనే ఉన్నాను. అక్కడ రాత్రి ఏడు దాటాక మొదలైతే ఇక్కడ తెల్లవారి ఐదున్నర. డికాక్షన్ దిగేలోపు మొదటి ఇన్నింగ్స్ అయిపోతుంది.

ఇక అసలు విషయం. మా మనవడికి ప్రాణమైన షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య కాచేవాడు) ఒకడు ఉండేవాడు. బ్రహ్మాండంగా ఆడుతున్నాడు. ఒక ఉదయం చూస్తే జాబితాలో పేరు లేదు. దెబ్బ తగల్లేదు, తప్పు చేయలేదు. బాగా ఆడుతున్నాడని రౌండ్ రాక్ అనే మరో జట్టుకు పంపించారట. ఫ్రిస్కో అప్పుడు పట్టికలో పై స్థానం కోసం కిందా మీదా పడుతోంది. అయినా ఎవరూ నోరెత్తలేదు. మరుసటి ఆటకు అదే జనం, అవే చప్పట్లు. మా వాడొక్కడే అన్నం మీద అలిగాడు.

న్యాయం వాడి వైపే ఉందని నాకు అనిపిస్తోంది. గెలిపించేవాడినే తీసుకుపోతే ఇక ఆ పట్టిక దేనికి? గెలుపు ముఖ్యం కానప్పుడు స్కోరు ఎందుకు వేయాలి? తెలిసినవారు చెప్పండి. "అక్కడ అంతే" అని మాత్రం అనవద్దు. ఆ మాట మా అల్లుడు ఇప్పటికే చెప్పాడు.

పెన్న ఒడ్డు

టీచర్ గారూ, నమస్తే. మాది నెల్లూరు మూలాపేట. ఇప్పుడు ఫ్రిస్కో పక్కన మెకిన్నీలో ఉంటున్నాను.

ఆ ఆటగాళ్లు ఫ్రిస్కో వాళ్లు కారండీ. జీతమిచ్చేది ఆర్లింగ్టన్‌లో ఆడే పెద్ద జట్టు టెక్సస్ రేంజర్స్. కోచ్‌లు కూడా వాళ్ల మనుషులే. ఫ్రిస్కో యాజమాన్యం చేతిలో ఉన్నవి టికెట్లు, తిండి దుకాణాలు, బాణసంచా, మీరు చూసిన ఆ కాలువ. 2021 నుంచి పెద్ద జట్లు ముప్పైకి నాలుగేసి చొప్పున 120 అనుబంధ జట్లు ఉన్నాయి. కింది నుంచి పైకి సింగిల్ ఏ, హై ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మెట్లు. ఫ్రిస్కో ఆడే పది జట్ల టెక్సస్ లీగ్ డబుల్ ఏ. రౌండ్ రాక్ కూడా రేంజర్స్ అనుబంధ జట్టే, ట్రిపుల్ ఏ. దాని పైన ఇక రేంజర్సే.

ఇవాన్ కార్టర్ సంగతి చూడండి. 2023 ఆగస్టులో ఫ్రిస్కోలో ఉన్నాడు. సెప్టెంబరులో రేంజర్స్‌కు మొదటి ఆట ఆడాడు. నవంబరు 1న వాళ్లు వరల్డ్ సిరీస్, అంటే పెద్ద జట్ల ఫైనల్, గెలిచినప్పుడు జట్టులో ఉన్నాడు. అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. ఇక్కడి జనం అలిగారా? మా వీధిలో ప్రతివాడూ "వాడిని మేం ముందే చూశాం" అని గొప్పలు చెప్పుకున్నాడు. నేను కూడా.

జీతం మాట కూడా చెప్పాలి. ఆటగాళ్ల సంఘంతో కుదిరిన 2023 ఒప్పందానికి ముందు డబుల్ ఏ ఆటగాడికి ఏడాదికి కనీసం 13,800 డాలర్లు. ఈ ఊళ్లో ఆ డబ్బుతో ఇల్లు అద్దెకు కూడా దొరకదు. ఆ ఒప్పందంతో అది 30,250 అయింది, ట్రిపుల్ ఏలో 35,800. మీ మనవడు అలిగిన రోజు ఆ షార్ట్‌స్టాప్ తల్లి పండగ చేసుకుని ఉంటుంది.

ఒంగోలు గిత్త

ఇందులో వింత ఏముంది టీచరమ్మా? మన తిరునాళ్లలో బండలాగుడు చూడలేదా? రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సీనియర్లు. రెండు పళ్ల గిత్తలు ఎన్ని అడుగులు లాగాయో కొలవకుండా వదిలేస్తామా? రేపు సీనియర్‌లో ఏది నిలబడుతుందో తెలిసేది అక్కడే. స్కోరు అందుకే.

కావలి లెక్కల టీచర్

గిత్త గారూ, పోటీ మధ్యలో కాడి విప్పి ఎద్దును పక్క ఊరికి తోలుకుపోతే మీ ఒంగోలు జనం ఊరుకుంటారా? నా ప్రశ్న అది.

చీమకుర్తి రాయి

టీచర్ గారి మనవడి కోపం వందేళ్ల నాటిది. టెక్సస్ లీగ్ పుట్టింది 1888లో. అప్పట్లో ఊరి క్లబ్బులే ఆటగాళ్లను వెతికి, తయారుచేసి, పెద్ద క్లబ్బులకు అమ్ముకునేవి. ఆటగాడు పోతే డబ్బయినా మిగిలేది. 1920లలో సెయింట్ లూయిస్ కార్డినల్స్ అనే పెద్ద జట్టును నడిపిన బ్రాంచ్ రికీ, కొనడం ఎందుకు, చిన్న క్లబ్బులనే చేతిలో పెట్టుకుందాం అన్నాడు. టెక్సస్ లీగ్‌లోని హ్యూస్టన్ బఫెలోస్ అలాగే ఆయన చేతికి వచ్చింది. మిగతావాళ్లు అదే దారి పట్టారు. ఇప్పుడు ఆటగాడు పైకి పోతే ఫ్రిస్కోకు పైసా రాదు. పెన్న ఒడ్డు గారు గొప్పలతో సరిపెట్టుకున్నారు గానీ, నాకది అంత ముచ్చటగా కనిపించదు.

అయితే పట్టికకు అర్థం లేదనలేం. 138 ఆటల సీజన్‌ను రెండు సగాలు చేశారు. మొదటి సగంలో లీగ్‌లోని తన విభాగంలో ముందు నిలిచిన జట్టుకు ప్లేఆఫ్ స్థానం ఖాయం. ఆ తర్వాత సగం జట్టు పైకి వెళ్లిపోయినా దాన్ని ఎవరూ లాక్కోలేరు. ఈ లీగ్‌కు ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు తోచదు. 2022లో ఫ్రిస్కో కప్పు కూడా గెలిచింది.

ఊరిదే అయిన జట్టు కావాలంటే మోంటానా, ఐడహో వైపు పయనీర్ లీగ్ చూడండి. 1939లో మొదలైంది. 2021 నుంచి ఏ పెద్ద జట్టుకూ అనుబంధం కాదు, ఆటగాళ్లతో ఒప్పందాలు క్లబ్బులవే. స్కోరు సమమైతే అదనపు ఇన్నింగ్స్ బదులు హోమ్ రన్ల (బంతిని కంచె దాటించే కొట్టుడు) పోటీ పెట్టి తేల్చేస్తారు. ఇది మాత్రం లెక్కల టీచరుకు నచ్చదనుకుంటాను.

కావలి లెక్కల టీచర్

నచ్చలేదు! తొమ్మిది ఇన్నింగ్స్ లెక్క రాసి చివరికి ఒట్టి బాదుడుతో తేలుస్తారా?

రెండు సగాల సంగతి బాగుంది. మనవడికి అది చెబుతాను. ఆటగాడి జీతం సంగతి అమ్మాయికి చెబుతాను, వాడికి వద్దు. పైకి పోయినవాడిని చూసి మురిసిపోవడం మాత్రం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. పోనీ, 2024లో ఫ్రిస్కోలో బంతులు వేసి అదే సెప్టెంబరులో రేంజర్స్‌కు వెళ్లిన కుమార్ రాకర్ విషయంలో నేనూ పక్షపాతినే. అతని తల్లి లలిత గారిది భారతీయ మూలాలున్న కుటుంబం అని విన్నప్పుడు మా వీధంతా చెప్పి వచ్చాను.

ఒక్క సందేహం. రౌండ్ రాక్ ఆటలు కూడా చూద్దామనుకుంటున్నాం. రెండూ ఒకే వేళకు వస్తాయా?

పెన్న ఒడ్డు

సొంత ఊళ్లో ఆడితే ఇంచుమించు అదే వేళ, రెండూ టెక్సస్‌లోనే కదా. కానీ రౌండ్ రాక్ ఉన్నది పసిఫిక్ కోస్ట్ లీగ్‌లో. కాలిఫోర్నియా వైపు వెళ్లినప్పుడు ఆట మీకు ఉదయం ఏడున్నర ప్రాంతంలో మొదలవుతుంది. ఫ్రిస్కో ఆట చివరికి వచ్చేసరికి అది అందుకోవచ్చు. సోమవారం సాధారణంగా రెండింటికీ సెలవు, అంటే మీకు మంగళవారం ఉదయం.