సింకు మీద బోళ్లు ఆరబెట్టే అల్మారా: మన ఇండ్లల్ల ఎట్ల చేయించుకోవాలె?

మిర్యాలగూడ_కొత్తిల్లు:
ఫిన్లాండ్‌ల అక్కవాళ్లు ఉండే ఇంట్ల సింకుకు సరిగ్గ మీద ఒక అల్మారా ఉన్నది. దానికి అడుగు పలక లేదు, తీగల జాలీలే. కడిగిన కంచం తడితోనే లోపల పెట్టి తలుపు మూస్తరు. నీళ్లు సింకులకే కారుతయి, గుడ్డతో తుడుసుడు లేదు, మళ్ల సర్దుడు లేదు. మా వంటింటి పని నడుస్తున్నది. కొలతలు, సామాను చెప్పుండ్రి. మాది బోరు నీళ్లు. నల్లగొండ ఫ్లోరైడు నీళ్లకు స్టీలు మీద తెల్ల మరకలు పడ్తయి అంటున్నరు, అది కూడ చెప్పుండ్రి.

వడ్లపని_నల్లగొండ:
ఇది అక్కడ దాదాపు ప్రతి వంటింట్ల ఉండేదే. మైయు గెబ్‌హార్డ్ అనే ఫిన్లాండ్ ఆమె 1944–45ల దీన్ని తయారుచేయించింది. మనకు మాత్రం కొలతలు మార్చాలె. అక్కడివి పింగాణీ ప్లేట్లు, మనయి అంచు లేసిన స్టీలు కంచాలు.

మామూలు పై అల్మారా లోతు 12 అంగుళాలు. తలుపు, వెనక పలక పోను లోపల 11 మిగుల్తది. 12 అంగుళాల కంచం నిలబెడితే తలుపు పడదు. అందుకని బయటి లోతు 14 పెట్టించుండ్రి. కంచం అంచు అంగుళం లేస్తది కాబట్టి జాలీల తీగకు తీగకు ఒకటిన్నర అంగుళం ఎడం కావాలె. 30 అంగుళాల అల్మారాల రెండు పక్క పలకలు పోను 28న్నర, అంటే 19 కంచాలు నిలబడ్తయి. కింది జాలీ మీద 13 అంగుళాల ఎత్తు కంచాలకు, దాని పైన 8 అంగుళాలు గిలాసలకు, కటోరలకు. కుక్కరు, అన్నం గిన్నెల కోసం దీన్ని పెంచకుండ్రి, అవి గట్టు మీద బోర్లేసుడే మంచిది.

గట్టు 34 అంగుళాల ఎత్తుంటే దాని మీద 22 వదిలి అల్మారా మొదలుకావాలె. అంతకు మించితే 5 అడుగుల మనిషికి పై జాలీ అందదు. వెడల్పు సింకు, దాని పక్క నీళ్లు జారే పల్లెం, రెండు కలిపినంత దాటొద్దు. దాటితే ఆ కొసన కారేది గట్టు మీదనే.

చెడేది ఎప్పుడైన పక్క పలకల కింది అంచే. నీటి చుక్క అక్కడ ఆగుతది, ప్లై పొరలు ఉబ్బుతయి. 18 ఎంఎం బీడబ్ల్యూపీ ప్లై (నీళ్లకు తట్టుకునే రకం, ఐఎస్ 710 గుర్తుది) తీసుకుని, కింది అంచుకు 2 ఎంఎం పీవీసీ పట్టీ వేసి, పలకల అతుకు దగ్గర సిలికాన్ కొట్టాలె. ఎండీఎఫ్ (కట్టెపొడి అచ్చు పలక) అస్సలు వద్దు. జాలీ 304 స్టీలుదే కావాలె. మెరుగు పూసిన ఇనుప తీగకు అతుకుల కాడ తుప్పు మొదలైతది.

అడుగు పలక వద్దని వడ్లాయనకు ముందే చెప్పుండ్రి. అలవాటు కొద్ది కొట్టేస్తరు.

పాలమూరు_ఇంటిపని:
అన్న చెప్పింది సరిగ్గ ఉన్నది. గోడ సంగతి కలుపుత. పెట్టె, బోళ్లు కలిస్తే 30 కిలోల దాక బరువు అయితది. ఎర్ర ఇటుక గోడకు 4 యాంకర్ బోల్టులు చాలు. లోపల బోలుగ ఉన్న సిమెంటు ఇటుకైతే మామూలు బోల్టు పట్టుకోదు, కెమికల్ యాంకర్ (రంధ్రంల జిగురు మందు నింపి బిగించే బోల్టు) వేయాలె. ఆర్‌ఓ ఫిల్టరు, దాని ప్లగ్గు పాయింటు సాధారణంగ ఆ జాగలనే పెడ్తరు, ప్లాస్టరింగ్ కంటె ముందే అవి పక్కకు జరపాలె.

ఇంకోటి, బల్లులు. అడుగు ఖాళీగ ఉంటే రాత్రి సీదా లోపలికే పోతయి. దోమల జాలీ కొడితే సన్న కన్నాలల్ల నీటి పొర నిలుస్తది, కారదు. 3 ఎంఎం రంధ్రాల స్టీలు షీటును చట్రంల బిగించి, కడగనీకి ఊడొచ్చేటట్లు రెండు చెవి మరలతో పెట్టుండ్రి. పైన వెనకవైపు అంగుళం సందు వదలాలె, గాలి కిందికెళ్లి వచ్చి అక్కడికెళ్లి పోవాలె. దానికీ జాలీ వేయుండ్రి. ఫిన్లాండ్‌ల చలికాలం హీటర్లతోటి ఇంట్ల గాలి పొడిగ ఉంటది. మనకు వానకాలంల ఈ సందు లేకుంటే ముక్క వాసన వస్తది.

నీళ్లపని_సూర్యాపేట:
తెల్ల మరకకు ఫ్లోరైడుకు సంబంధం లేదు తమ్మీ. ఫ్లోరైడు కంటికి కనపడది, రుచి తెల్వది, మరక లేదని నీళ్లు మంచియి అనుకోవద్దు. ఆ తెలుపు కాల్షియం, మెగ్నీషియం లవణాలది. నీళ్లు ఆరితే అవి మిగుల్తయి. గుడ్డతో తుడవకుండ ఆరబెట్టే పద్ధతి కాబట్టి ఈ అల్మారాల మరక ఇంకా ఎక్కువ కనిపిస్తది. చివరి కడుగుడు ఒక్కటి మిషన్ భగీరథ నల్లా నీళ్లతోటి చేస్తే చానా తగ్గుతది. జాలీ మీద పేరుకున్నదానికి సగం వెనిగర్, సగం నీళ్లు కలిపి గుడ్డ తడిపి పావుగంట చుట్టి, తర్వాత మంచి నీళ్లతోటి కడగాలె. స్టీలు పీచుతోటి గీకితే గీతల్లనే తుప్పు పడ్తది.

మిర్యాలగూడ_కొత్తిల్లు:
చానా సంతోషం అన్నా. ఒక్కటే చిక్కు, మా సింకు మీద కిటికీ ఉన్నది.

వడ్లపని_నల్లగొండ:
కిటికీ మూయకుండ్రి, వంటింటికి ఆ గాలి కావాలె. సింకు పక్క గోడకు పెట్టి, కింద అర అంగుళం వాలుతోటి స్టీలు ట్రే బిగించుండ్రి. ట్రే కొస సింకు అంచు దాటి రెండు అంగుళాలు లోపలికి రావాలె. పెట్టెకు, ట్రేకు నడుమ రెండు అంగుళాల ఎడం ఉంచుండ్రి, లేకుంటే కింది గాలి ఆగిపోతది.