కరోనా రెండేళ్లలో ప్రత్యేక అవసరాల పిల్లల డబ్బు ఎటు పోయింది? మీ దగ్గర ఏం జరిగిందో చెప్పండి

గుంటూరు_నాన్న:
మా బాబుకి సెరిబ్రల్ పాల్సీ. చదివేది ప్రభుత్వ బడిలో. మండలంలోని భవిత సెంటర్‌లో (ప్రత్యేక అవసరాల పిల్లల కోసం ఉండే కేంద్రం) వారానికోసారి ఫిజియోథెరపీ ఉండేది. 2020 మార్చిలో బడితో పాటు అదీ మూతపడింది. బడుల కోసం ఉన్న సమగ్ర శిక్ష పథకంలో ఇలాంటి పిల్లలకి తలకి ఏడాదికి 3,500 లెక్కన ఇస్తారని విన్నాను. ఆ ఏడాది అందులోంచి మాకేం ముట్టిందో నాకైతే ఇప్పటికీ తెలియదు. మీకు ఏమైనా అందిందా?

భవిత_టీచర్:
అన్నా, ఆ 3,500 చేతికిచ్చే డబ్బు కాదు. ఎంతమంది పిల్లలుంటే అన్ని 3,500లు వేసుకుని జిల్లా ప్లాన్ తయారవుతుంది. మెడికల్ క్యాంపులు, కాలిపర్లు, వీల్‌చైర్లు, బ్రెయిలీ పుస్తకాలు, ట్రాన్స్‌పోర్ట్, ఎస్కార్ట్ (పిల్లలకి తోడొచ్చేవాళ్లకి) అలవెన్సులు, అన్నీ అలాంటి పద్దుల కిందే. ఆడపిల్లలకైతే నెలకు 200 స్టైపెండ్ కూడా ఉంది. కరోనాలో క్యాంపులు జరగలేదు. మా మండలంలో అలవెన్సులు హాజరు చూసి వేసేవారు. సెంటరే మూసి ఉంటే హాజరు ఎక్కడి నుంచి వస్తుంది? అక్కడే ఆగిపోయాయి.
మేం వీడియో కాల్‌లో తల్లులకు వ్యాయామాలు నేర్పాం. ఒకామె ఫోన్‌ని బియ్యం డబ్బాకి ఆనించి రెండు చేతులతో పిల్లవాడి కాలు పట్టుకునేది. ఫోన్ జారి పడేది, నాకు పైకప్పు కనబడేది, "మేడమ్, ఇంకా వంచాలా?" అని మాట మాత్రం వినబడేది. మోకాలు ఎంత వంగిందో చూడకుండా నేనేం చెప్పను?

రిటైర్డ్_హెచ్‌ఎం:
స్కూల్ గ్రాంట్ సంగతి కూడా తెలుసుకోండి. 100 దాటి 250 మంది వరకు పిల్లలున్న బడికి ఏడాదికి 50,000. అందులో కనీసం పదో వంతు శుభ్రత పనులకే పెట్టాలి. కరెంటు బిల్లు, చాక్‌పీసులు, చిన్నాచితకా రిపేర్లు, అన్నిటికీ అదే. బడులు తెరిచాక మా దగ్గర శానిటైజర్లు, థర్మల్ స్కానర్, హైపోక్లోరైట్ కూడా దాంట్లోంచే కొన్నాం. ర్యాంపుకి రెయిలింగ్ పెట్టించాలని అంతకుముందే ఎస్టిమేట్ వేయించాం. అది ఫైల్లోనే ఉండిపోయింది. ఎవరూ వద్దనలేదు, వరసలో వెనక్కి పోయిందంతే.

ఉప్పల్_వనజ:
మాది ప్రైవేటు బడి, పాపకి ఆటిజం. 2020లో తెలంగాణ ప్రభుత్వం జీవో 46 ఇచ్చింది గుర్తుందా? ఫీజు పెంచొద్దు, ట్యూషన్ ఫీజు తప్ప ఇంకేం అడగొద్దు, అదీ నెలనెలా తీసుకోవాలి అని. అందరం హమ్మయ్య అనుకున్నాం. కానీ క్లాసులో మా పాప పక్కనే ఉండి సాయం చేసే షాడో టీచర్ ఫీజు "అదర్ ఫీజు" కింద ఉండేది. ఆ ఫీజు తీసేశారు, ఆ టీచర్నీ తీసేశారు. జూమ్ క్లాసు పెడితే చాలు, పాప చెవులు మూసుకుని మంచం కిందకు దూరేది.
ఒక్కటి పనికొచ్చింది: నిరామయ. కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల హెల్త్ ఇన్సూరెన్స్, లక్ష వరకు. థెరపీ బిల్లుల్లో మాకు కొంత వెనక్కి వచ్చింది. సెరిబ్రల్ పాల్సీకీ వర్తిస్తుంది, గుంటూరు నాన్నగారూ, మీరు వెంటనే చూడండి.

మెదక్_శీను:
మా చెల్లెకు వినబడదు. 2020 సెప్టెంబర్ 1 నుంచి టీశాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానెళ్లలో పాఠాలు మొదలైనప్పుడు ఊర్లో అందరూ మంచిగా ఉన్నాయన్నారు. సార్ బోర్డు దిక్కు తిరిగి రాస్తూ చెప్తుంటే పెదాలు చదివే పిల్లకు ఏం అందుతుంది? నేను చూసిన పాఠాల్లో సైన్ లాంగ్వేజ్ లేదు. తెర మూలన ఒక మనిషిని నిలబెట్టడానికి ఎంత ఖర్చు? చెల్లె కొన్నాళ్లు చూసి లేచిపోయింది. పాఠాలయ్యాక నేనే నోట్సు రాసిచ్చేవాణ్ణి.

కార్డిఫ్_అమ్మ:
మేం ఉండేది వేల్స్‌లో. లాక్‌డౌన్‌లో ఇక్కడ బడులు అత్యవసర ఉద్యోగుల పిల్లలకి, వల్నరబుల్ పిల్లలకి తెరిచే ఉన్నాయి. ప్రత్యేక అవసరాలున్నట్టు స్టేట్‌మెంట్ ఉన్న మా వాడు ఆ రెండో లెక్కలోకి వచ్చాడు. అలాగని అన్నీ అందాయనుకోకండి, స్పీచ్ థెరపీ మాకూ ఫోన్లోనే. ఇలాంటి పిల్లల చదువు గురించి ఇక్కడ 2018లో చేసిన చట్టం 2021 సెప్టెంబర్ నుంచి అమలవడం మొదలైంది. ఇప్పుడు ఐడీపీ అని పిల్లవాడి పేరున ప్లాన్ రాస్తారు, ఇవ్వాల్సిన సాయమంతా అందులో ఉంటుంది. కుదరకపోతే ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. డబ్బు మాత్రం చాలావరకు బడి బడ్జెట్‌లో కలిసే వస్తుంది. మా వాడి వాటా ఎంతో చెప్పమంటే హెడ్ టీచర్ నవ్వేస్తారు.

గుంటూరు_నాన్న:
మా ఇంట్లో ఆగకుండా వచ్చినవి రెండే. నెలకి 3,000 దివ్యాంగుల పింఛను, అమ్మఒడి. 2021 జనవరిలో అమ్మఒడి 14,000 పడింది, మిగతా వెయ్యి బడి మరుగుదొడ్ల నిర్వహణకని పట్టుకున్నారు. ఇంటికి నేరుగా వచ్చే డబ్బు ఆగలేదు, మనిషి వచ్చి చేయాల్సిన సాయమే ఆగింది. అలాంటప్పుడు ఆ 3,500 కూడా ఖాతాలోనే వేసేస్తే పోలా?

భవిత_టీచర్:
దానికి మాత్రం నేను ఒప్పుకోను అన్నా. ఫిజియోథెరపిస్టే లేని మండలంలో 3,500 పెట్టి ఏం కొంటారు? పట్నానికి ఆటో ఛార్జీలకే సరిపోదు. పదిమంది పిల్లల డబ్బు ఒకచోట ఉంటేనే ఒక థెరపిస్టుని తెచ్చుకోగలం. బడులు మూసినప్పుడు ఇంటింటికీ వెళ్లడానికి మాకు ప్రయాణ ఖర్చులిస్తే చాలామంది పిల్లల కాళ్లు బిగుసుకుపోయేవి కావు. అడగాల్సింది అది.

రిటైర్డ్_హెచ్‌ఎం:
టీచరమ్మ మాటే నా మాటా. లెక్క కావాలంటే జిల్లా సమగ్ర శిక్ష ఆఫీసుకి ఆర్టీఐ (సమాచార హక్కు) అర్జీ పెట్టండి. "2020-21లో ప్రత్యేక అవసరాల పిల్లలకు మంజూరు ఎంత, ఖర్చు ఎంత, అంశాల వారీగా, మండలాల వారీగా" అని రాయండి. ఊరికే "వివరాలు ఇవ్వగలరు" అంటే ఒక సర్క్యులర్ కాపీ పంపి చేతులు దులుపుకుంటారు.

మెదక్_శీను:
సార్, ఫీజు ఎంత? డీడీ తీయాలా?

రిటైర్డ్_హెచ్‌ఎం:
జిల్లా ఆఫీసుకైతే పది రూపాయలు. డీడీ అక్కర్లేదు, అర్జీ మీద కోర్టు ఫీజు స్టాంపు అంటించు. తెల్లకార్డు ఉంటే జిరాక్స్ జతచెయ్యి, ఆ పది కూడా అక్కర్లేదు.