అప్‌డేట్: బేరియం జింక్ టాంటలేట్ ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-రే డిఫ్రాక్షన్ పరీక్షలో) 17.7 డిగ్రీల దగ్గర పీక్ ఏమిటో తేలింది

మైక్రోవేవ్ రెజొనేటర్ కోసం కాల్చిన బేరియం జింక్ టాంటలేట్ పెల్లెట్‌లో, క్యూబిక్ పెరోవ్‌స్కైట్ (ఘనాకార స్ఫటిక నిర్మాణం) లెక్కకి అందని చిన్న పీక్ ఎందుకొస్తోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. సమాధానాలిచ్చిన అందరికీ థాంక్స్.

అది మలినం కాదు, సూపర్‌లాటిస్ పీక్, అంటే అయాన్లు పెద్ద క్రమంలో అమరడం వల్ల అదనంగా వచ్చే పీక్. ఒక జింక్ పొర, రెండు టాంటలం పొరలుగా అయాన్లు వరస కడితే సెల్ (స్ఫటికంలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గడి) ఘనాకారం పోయి ట్రైగొనల్ అవుతుంది (అంచులు ఎ సుమారు 5.78, సి 7.10 ఆంగ్‌స్ట్రామ్‌లు). అందులో 100 తలం పీక్ సరిగ్గా 17.7 దగ్గరే పడుతుంది. "ఇంకా ఎక్కువసేపు అనీల్ చేసి (వేడిలో ఉంచి) చూడండి" అన్న సలహా పనిచేసింది. ఆ పీక్ పెరిగింది, 115 డిగ్రీల ప్రాంతంలో ఒక్కటిగా ఉన్నది రెండుగా చీలింది. టెమ్ (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) చూసే మేడమ్ క్యూబిక్ లెక్కలో 110 దిశలో తీసిన డిఫ్రాక్షన్‌లో, మధ్య చుక్కకీ 111 చుక్కకీ నడుమ మూడో వంతు దూరాల్లో సన్నటి చుక్కలు చూపించారు. ఇక అనుమానం లేదు.

ఈ పీక్ ఎక్స్-రే ట్యూబ్ నుంచి వచ్చే రెండో గీత (కె-బీటా) వల్లేమో అన్న చర్చ మాత్రం దీనికి సంబంధం లేనిది. కాపర్ ట్యూబ్‌తో 30.8 దగ్గరి ప్రధాన పీక్‌కి కె-బీటా జాడ 27.8 దగ్గర రావాలి. మిగతా చిల్లర పీకులు పైపొరవి, జింక్ ఆవిరైపోయి ఏర్పడినవి. పైన అరగదీసి లోపలి భాగం పొడి చేస్తే కనిపించలేదు.