కొల్లేటిలో పడవ ప్రయాణం: పెద్దవారితో, పిల్లలతో వెళ్లినవారు చెప్పగలరు

పటమట నివాసి: డెబ్బై రెండేళ్ల మా అమ్మగారిని, ఆరేళ్ల పాపను తీసుకుని డిసెంబరులో ఒక ఆదివారం ఆటపాక వెళ్లి కొల్లేటిలో పడవ ఎక్కాలని అనుకుంటున్నాము. భవానీ ద్వీపానికి ఇదివరకు వెళ్లాము గాని, అది కృష్ణలో కొద్ది నిమిషాల ప్రయాణమే. మోకాళ్ల నొప్పులున్నవారు ఆటపాకలో పడవ ఎక్కి దిగగలరా, ఏ వేళకు వెళితే పక్షులు బాగా కనిపిస్తాయి, వెళ్లివచ్చినవారు తెలియజేయగలరు.

సత్యనారాయణపురం: మేము రెండుసార్లు వెళ్లాము. మొదటిసారి టిఫిన్లు ముగించుకుని తీరిగ్గా బయలుదేరి పదకొండు దాటాక చేరుకోవడంతో, ఎండకు పిల్లలు ఏడవడమే తప్ప చూసింది లేదు. రెండోసారి, జనవరిలో, తెల్లవారుజామున నాలుగున్నరకే ఇల్లు వదిలి గుడివాడ, ముదినేపల్లి మీదుగా కైకలూరు చేరేసరికి రెండు గంటలు పట్టింది. ఆటపాక అక్కడికి దగ్గరే. చెట్లు చాలని చోట గూళ్లు కట్టుకోవడానికి నీటిలో నిలిపిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు, అంటే పెలికాన్లు, కిక్కిరిసి ఉన్నాయి. ఒక పిల్ల తన తలను మెడ దాకా తల్లి గొంతు సంచిలోకి దూర్చి చేపను లాక్కుంటుంటే, మా అబ్బాయి అది పిల్లను మింగేస్తోందని కేక వేశాడు. రెట్టల వాసన మాత్రం ఘాటుగా ఉంటుంది, అమ్మగారికి ముందే చెప్పండి.

బ్రాడీపేట, గుంటూరు: నీటి విశాలత చూడాలనుకుంటే కొల్లేరు నిరాశపరుస్తుంది; గుర్రపుడెక్క, కిక్కిస, దారి పొడవునా చేపల చెరువుల గట్లు, మధ్యలో నీరు. నాగార్జునసాగర్‌లో విజయపురి సౌత్ నుంచి నాగార్జునకొండకు లాంచీలో వెళ్లడమే నా దృష్టిలో అసలైన ప్రయాణం. జలాశయంలో మునిగిపోనున్న ఇక్ష్వాకుల నాటి కట్టడాలను తవ్వి తీసి, కొన్నిటిని ఆ కొండపైన తిరిగి నిలిపారు. అయితే మేము వెళ్లిన రోజున జనం నిండేదాకా లాంచీ కదలలేదు, దిగాక నడక కూడా తక్కువేమీ కాదు. మీ అమ్మగారి సంగతి తలచుకుంటే నేనే కొల్లేరు అనాల్సి వస్తోంది. ఎప్పుడైనా సాగర్ వెళితే శుక్రవారం వద్దు, ఆ రోజు మ్యూజియంకు సెలవు.

కైకలూరు అల్లుడు: పై మిత్రులు చెప్పిన చేపల చెరువుల గురించి ఒక మాట. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే నీరు కొల్లేటిలో నిలిచి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతుంది. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ సరస్సులో, అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తును చూపే హద్దు గీత) లోపలి చెరువుల గట్లను 2006లో పెద్ద ఎత్తున తెగ్గొట్టారు. ఆ తగువు మా అత్తగారింట భోజనాల దగ్గర నేటికీ తెగలేదు. నీరు సహజంగానే లోతు తక్కువ, వేసవి ముదిరితే ఇంకా తగ్గిపోతుంది కాబట్టి మీరు అనుకున్న డిసెంబరు సరైన సమయమే.

ఇక మోకాళ్ల విషయం. మా మామగారిని నిలబెట్టి పడవలోకి అడుగు వేయమంటే పడవ ఊగి ఆయన భయపడ్డారు. తరువాత రేవు అంచున కూర్చోబెట్టి, ముందు కాళ్లు రెండూ పడవలో పెట్టించి, లోపలి నుంచి ఒకరు చేతులు పట్టుకుంటే సులువుగా దిగారు. పడవ నడిపే అతను అంతసేపూ గడను బురదలో గుచ్చి, పడవను రేవుకు అదిమిపెట్టాడు. ఈ సాయం ముందే అడగండి.

మంగళగిరి: లోతు తక్కువని లైఫ్ జాకెట్ మానకండి, అడుగున బురద ఉంటుంది. 2017 నవంబరులో ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర పడవ బోల్తా పడినప్పటి నుంచి మా ఇంట్లో జాకెట్ లేనిదే ఎవరూ పడవ ఎక్కరు. వేరొక చోట మా పాపకు పెద్దల జాకెట్ తొడిగితే చేతులు పైకెత్తగానే తల మీదుగా ఊడివచ్చింది. ఆ రోజు ఎక్కకుండానే తిరిగి వచ్చేశాము. పిల్లల కొలత జాకెట్ కొని వెంట తీసుకువెళ్లడం మేలు.

పటమట నివాసి: అందరికీ ధన్యవాదాలు. నాలుగున్నరకు అమ్మను లేపడం కష్టం కనుక, శనివారం సాయంత్రమే కైకలూరు చేరుకుని రాత్రి అక్కడే బస చేస్తాము. పాప జాకెట్ ఈ వారమే కొంటాను. రెట్టల వాసన సంగతి అమ్మకు చెబితే, పులిహోర పడవలో కాకుండా గట్టు మీదే తిందామని అప్పుడే తీర్మానించేశారు.